కరువు సీమలో ఉప్పుకండ: దాచుకునే వాటా, పంచుకునే వాటా

ఖుర్బానీ జంతువు మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌ను చేరవనీ, ఆయన సన్నిధికి చేరేది దాసుని భయభక్తులేననీ దివ్య ఖుర్‌ఆన్ ‘హజ్’ సూరా 37వ ఆయతు బోధిస్తున్నది. మాంసం మన దగ్గరే ఉండిపోతుంది. దానిని ఏం చేస్తామన్నదే మన భయభక్తులకు పరీక్ష. అదే సూరాలోని 28వ, 36వ ఆయతులు ఖుర్బానీ మాంసాన్ని తినమని చెబుతూనే, లేనివారికీ, చేయిచాచని నిరుపేదకూ, అడిగేవారికీ తినిపించమని ఆదేశిస్తున్నాయి. తినడం, తినిపించడం అనే ఈ రెండింటి నడుమ మన ఇళ్లలో మూడవ పని ఒకటి జరుగుతుంటుంది. అది నిల్వ చేయడం. పండుగ ముగిసిన మరునాడు ప్రతి గృహిణి ముందూ నిలిచే ఈ ప్రశ్న గురించే ఈ వ్యాసం.

అనంతపురం సీమలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత ఉన్నది. రెండు రుతుపవనాల వానా అంతంతమాత్రంగానే అందే ఈ పీఠభూమిలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురుస్తుంది. దేశంలో వానలు అతి తక్కువగా పడే జిల్లాలను చెప్పుకునేటప్పుడు జైసల్మేరు తరువాత అనంతపురం పేరు చెప్పడం వాడుక. 1876–78 నాటి మహాక్షామాన్ని ఇక్కడి పెద్దలు ‘ధాత కరువు’ అని తరతరాలుగా తలచుకున్నారు. ఆ కరువు గడచిన కొద్ది సంవత్సరాలకే, 1882లో, బళ్లారి నుండి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడింది. 1950ల తొలినాళ్లలో రాయలసీమలో గంజికేంద్రాలు తెరవవలసి వచ్చింది. 2022లో జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది గానీ వేరుశెనగ చేనుకు వాన కోసం ఎదురుచూసే కళ్లు రెండు జిల్లాల్లోనూ ఒకటే. పండినప్పుడు దాచుకోవడం, లేనప్పుడు దాచినదాన్ని నలుగురూ కలిసి తినడం ఈ నేల నేర్పిన పాఠం. చిక్కుడు, వంకాయ, గోరుచిక్కుడు వరుగులు ఎలా పుట్టాయో, మాంసపు ఉప్పుకండ కూడా అలాగే పుట్టింది. ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో దానినే సూఖా గోష్త్ అంటారు.

మదీనాలో ఒక కరువు ఏడు

ఖుర్బానీ మాంసాన్ని నిల్వ చేయవచ్చా అన్న విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలోనే ఒక మహత్తరమైన సంఘటన జరిగింది. సహీహ్ ముస్లింలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు ప్రకారం, ఒక ఏడాది ఈదుల్ అజ్‌హా సమయంలో ఎడారి పల్లెల నుండి పేదలు గుంపుగా మదీనాకు వచ్చారు. అప్పుడు ఆయన (స), మూడు రోజులకు సరిపడా మాత్రమే ఉంచుకొని మిగిలినది దానం చేయమని ప్రజలను ఆదేశించారు. మరుసటి కాలంలో సహచరులు వచ్చి, ప్రజలు ఖుర్బానీ జంతువుల తోళ్లతో నీటితిత్తులు చేసుకుంటున్నారనీ, కొవ్వు కరగించుకుంటున్నారనీ తెలిపి, మూడు రోజుల నిషేధాన్ని గుర్తుచేశారు. తాను ఆనాడు వారించినది ఆ వచ్చిన పేదల గుంపు కారణంగానేననీ, ఇక తినవచ్చు, నిల్వ చేసుకోవచ్చు, దానం చేయవచ్చుననీ ఆయన (స) వివరించారు. సలమా బిన్ అక్వా (రజి) ఉల్లేఖించిన బుఖారీ హదీసులోనూ ఇదే భావం ఉన్నది: ఆ ఏడు ప్రజలు ఇబ్బందుల్లో ఉన్నారు, కలిగినవారు వారిని ఆదుకోవాలన్నదే ఉద్దేశం.

దీనిని బట్టి రెండు విషయాలు తేటతెల్లమవుతున్నాయి. మొదటిది, నిల్వ చేసుకోవడం ధర్మసమ్మతం. అందులో సంకోచించవలసినది ఏమీ లేదు. రెండవది, ఆ అనుమతి పొరుగువాని ఆకలితో ముడిపడి ఉన్నది. ఇమామ్ షాఫియీ (రహ్మలై) తమ ‘రిసాలా’ గ్రంథంలో ఈ హదీసులను చర్చిస్తూ, ఆపదలో ఉన్నవారు వచ్చి చేరినప్పుడు మూడు రోజులకు మించి ఉంచుకోరాదన్న ఆదేశం వర్తిస్తుందనీ, వారు లేనప్పుడు తినడానికీ నిల్వ చేయడానికీ దానానికీ అనుమతి ఉన్నదనీ చెప్పే కోణాన్ని ముందుంచారు. హజ్రత్ అలీ (రజి) ఒక పండుగనాటి ప్రసంగంలో మూడు రోజుల నిషేధాన్ని మళ్లీ గుర్తుచేసినట్లు బుఖారీలో ఉన్నది. ఆ సమయంలో ప్రజలు కష్టాల్లో ఉండడమే అందుకు కారణమై ఉంటుందని కొందరు వ్యాఖ్యాతలు భావించారు. ఎక్కువమంది ధర్మవేత్తల దృష్టిలో నిషేధం తొలగిపోయినదే. అయితే దాని వెనుకనున్న కారుణ్యం మాత్రం తొలగిపోయేది కాదు.

ప్రవక్త (స) ఇంట ఎండు మాంసం

ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం మనకు కరువు సీమ ఇచ్చిన వంటకమే కావచ్చు. కానీ అది ప్రవక్త (స) ఇంటికీ పరిచితమే. తాము ఖుర్బానీ మాంసానికి ఉప్పు పట్టించి, మదీనాలో దైవప్రవక్త (స)కు సమర్పించేవారమని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. పశువు కాళ్లను దాచి పదిహేను రోజుల తరువాత తినేవారమని కూడా ఆమె చెప్పారు. అంత అవసరం ఎందుకు వచ్చిందని అడిగినవారికి ఆమె చిరునవ్వుతో ఇచ్చిన సమాధానం, ప్రవక్త (స) కుటుంబం వరుసగా మూడు రోజులు కూరతో గోధుమరొట్టె కడుపునిండా తిన్నది లేదన్న సత్యం. సౌబాన్ (రజి)తో ఆయన (స) ఖుర్బానీ మాంసాన్ని సిద్ధపరచమని చెప్పగా, మదీనా చేరేదాకా ప్రయాణమంతా ఆ మాంసమే వారికి ఆహారమయింది.

అరబ్బీలో ఎండుమాంసాన్ని ‘ఖదీద్’ అంటారు. ఒక దర్జీ ప్రవక్త (స)ను విందుకు పిలిచి, బార్లీ రొట్టెతో పాటు సొరకాయ, ఖదీద్ వేసి వండిన పులుసు వడ్డించాడు. ఆయన (స) పళ్లెం అంచుల నుండి సొరకాయ ముక్కలను వెదికి వెదికి తినడం చూసి, ఆ రోజు నుండి తనకూ సొరకాయ అంటే ఇష్టం ఏర్పడిందని సేవకుడు అనస్ (రజి) చెప్పుకున్నారు. జొన్నరొట్టె పక్కన సొరకాయ ఉప్పుకండ పులుసు వడ్డించే అనంతపురం ఇల్లాలికి ఈ హదీసు ఎంత దగ్గరగా అనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఉప్పుకండ చేసే విధానం

తాజా మాంసంలో దాదాపు మూడువంతులు నీరే. సూక్ష్మజీవులు పెరగడానికి ఆ నీరు కావాలి. ఉప్పు కొంత నీటిని బయటకు లాగుతుంది. ఎండ, గాలి మిగిలినదాన్ని పీల్చుకుంటాయి. నీరు పోయిన కండ చెడదు. ఎండబెట్టడంలోని రహస్యమంతా ఇదే. అందుకే ఇందులో తొందరపాటు పనికిరాదు, నిర్లక్ష్యం అసలే పనికిరాదు.

ముందుగా కండ ఎంపిక. తొడ, వీపు భాగాల ఎముకలేని మెత్తని కండ తీసుకోవాలి. కొవ్వును పూర్తిగా తీసివేయాలి. కొవ్వు ఎండదు, కొద్ది రోజులకే కారువాసన పడుతుంది. కాలేయం, పేగులు, బోటి ఎండబెట్టడానికి తగవు. వాటిని ఆ రోజే వండుకోవాలి. కండను పీచు వెంట నిలువుగా, చిటికెన వేలంత మందం మించకుండా, జానెడు పొడవున పట్టీలుగా కోయాలి. మందం పెరిగితే పైభాగం ఎండి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. ఉప్పుకండ చెడిపోవడానికి ప్రధానకారణం ఇదే.

కిలో కండకు 50 గ్రాముల దంచిన రాతి ఉప్పు, ఒక చెంచా పసుపు, రెండు చెంచాల కారం చాలు. చేతులు, కత్తి, పీట శుభ్రంగా ఉండాలి. అన్నీ బాగా పట్టించి, స్టీలు గిన్నెలో మూతపెట్టి, ఫ్రిజ్ ఉన్నవారు రాత్రంతా అందులో ఉంచాలి. తెల్లవారేసరికి ఊరిన నీటిని పారబోయాలి. ఫ్రిజ్ లేనివారు, మబ్బు పట్టిన రోజుల్లో అందరూ, మరొక పద్ధతి పాటించడం క్షేమం. ఉప్పు, పసుపు వేసి మరిగించిన నీటిలో పట్టీలను వేసి, లోపలిదాకా ఎరుపు పోయేవరకు ఉడికించి, నీరు వార్చి, ఆ తరువాత ఎండబెట్టాలి. మాంసంలోని హానికర క్రిములు ఆ వేడికి నశిస్తాయి. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉంటే ఏ కాలంలోనైనా ఈ పద్ధతినే అనుసరించాలి.

దబ్బనంతో దారానికి గుచ్చి, ఒక ముక్క మరొకదానికి తగలకుండా మిద్దెపై తీగెకు వేలాడదీయాలి. పలుచని గుడ్డ చుట్టూ కప్పితే ఈగలు వాలవు, దుమ్ము పడదు. ఉదయం ఎండ ముదిరిన తరువాత వేయడం, పొద్దు వాలకముందే లోపలికి తేవడం తప్పనిసరి. రాత్రి తేమకు వదిలేస్తే పగలంతా ఎండిన శ్రమ వృథా. మూడు, నాలుగు రోజుల మంచి ఎండ చాలు. ముక్కను వంచితే పుటుక్కుమని విరగాలి, విరిగినచోట తడి కనిపించరాదు, రెండు ముక్కలు తాకిస్తే కట్టెపుల్లల చప్పుడు రావాలి. అప్పుడు కిలో కండ మూడోవంతుకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది.

చాంద్రమానం ప్రకారం పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మన దేశంలో ఈదుల్ అజ్‌హా 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. అంటే రాబోయే సంవత్సరాల్లో పండుగ మండువేసవిలోకి సాగుతున్నది. ఎండబెట్టడానికి అది అనుకూలమే. కానీ అదే వేడి పచ్చిమాంసానికి శత్రువు. 32 డిగ్రీలు దాటిన వాతావరణంలో పచ్చిమాంసాన్ని గానీ వండిన కూరను గానీ గంటకు మించి బయట ఉంచరాదన్నది ఆహారభద్రతా నియమం. జబహ్ అయిన వెంటనే నీడన కోత, వెంటనే పంపకం, వెంటనే ఉప్పు. ఈ మూడింటి మధ్య విరామం ఉండరాదు.

జాడీలో పెట్టిన తరువాత

పూర్తిగా చల్లారిన కండలనే తడిలేని గాజుసీసాలో గానీ పింగాణీ జాడీలో గానీ పెట్టి బిగుతుగా మూయాలి. వేడిగా ఉండగా మూస్తే లోపల చెమ్మ పడుతుంది. తడిచేయి పెట్టరాదు. పదిహేను రోజులకొకసారి తీసి ఒక పూట ఎండ చూపించాలి. రెండు నెలల్లోపే వాడుకోవడం మేలు; ఫ్రిజ్‌లో పెడితే మరికొంతకాలం నిలుస్తుంది. ఎక్కడైనా తెల్లని, పచ్చని బూజు కనిపించినా, జిగురు తగిలినా, వాసన మారినా కడిగి వాడుకుందామన్న ఆశ వద్దు. వేట జంతువు మూడు రోజుల తరువాత దొరికినా, దుర్వాసన రానంతవరకే తినమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. వృథా చేయకూడదన్న నియమం ఎంత ముఖ్యమో, చెడినదానితో దేహానికి హాని చేసుకోకూడదన్న నియమమూ అంతే ముఖ్యం. రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టమన్న ప్రవక్త (స) సంప్రదాయం మన వంటగదికి మొదటి ఆరోగ్యసూత్రం.

సొరకాయ ఉప్పుకండ పులుసు

నూటయాభై గ్రాముల ఉప్పుకండతో ఆరుగురికి కూర అవుతుంది. అదే పచ్చిమాంసమైతే ఒక పూటకే అరకిలో కావలసి ఉండేది. కండలను వేడినీటిలో అరగంట నానబెట్టి, ఆ ఉప్పునీరు పారబోసి, రెండుసార్లు కడిగి, చిన్న ముక్కలు చేయాలి. కొత్త నీరు పోసి కుక్కరులో ఐదారు విజిల్స్ రానివ్వాలి. వెడల్పు గిన్నెలో శెనగనూనె కాచి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి, రెండు టమాటాలు వేసి మగ్గించాలి. ఉడికిన కండలను ఆ నీటితో సహా చేర్చి, లేత సొరకాయ ముక్కలు వేసి, మెత్తబడేవరకు సన్నని మంటపై ఉంచాలి. ఉప్పు మాత్రం చివర రుచి చూసిన తరువాతే, అవసరమైతేనే వేయాలి. చింతపండు రసం కొద్దిగా పోసి, కొత్తిమీర చల్లి దించుకోవాలి. జొన్నరొట్టెకూ, రాగిసంగటికీ ఇది చక్కని జోడు. సొరకాయకు బదులు గోంగూర, అలసందలు, అనపగింజలు, కందిపప్పు వేసినా బాగుంటుంది. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పుకండ జోలికి పోకపోవడమే మంచిది.

ఫ్రీజరు తెచ్చిన ప్రశ్న

ఒకనాడు నిల్వకు ఒక సహజమైన హద్దు ఉండేది. ఎండబెట్టగలిగినంతే దాచేవారు, మిగిలినది సాయంత్రంలోగా పంచకపోతే చెడిపోయేది. ఫ్రీజరు ఆ హద్దును చెరిపివేసింది. మైనస్ 18 డిగ్రీల వద్ద మాంసం నెలలకొద్దీ ఉంటుంది. అరకిలో చొప్పున పలుచగా పరచి పొట్లాలు కట్టి, తేదీ రాసి, వాడేనాటి ముందురాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి కరగనివ్వాలి. బయట కరిగిన పచ్చిమాంసాన్ని మళ్లీ గడ్డకట్టించరాదు. కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుంటే నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లదనం నిలుపుకుంటుంది. మామూలు ఫ్రిజ్ అర నాలుగు గంటలే. వండిన కూర ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులకు మించి ఉంచరాదు. ఇదంతా తెలుసుకోవలసినదే.

కానీ సౌకర్యం పెరిగిన కొద్దీ పంపకం తగ్గుతున్నదా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. మంచి తొడకండ ఫ్రీజరులోకి, ఎముకలు పేదల సంచిలోకి వెళ్లడం మనం చూడని దృశ్యం కాదు. ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు మూడు భాగాలు చేయడాన్ని చాలామంది ధర్మవేత్తలు అభిలషణీయమన్నారు. ఆ మూడు భాగాలు తూకంలోనే కాదు, నాణ్యతలోనూ సమానంగా ఉండాలి. కసాయికి కూలిగా మాంసం గానీ తోలు గానీ ఇవ్వరాదన్న ప్రవక్త (స) ఆదేశం హజ్రత్ అలీ (రజి) ద్వారా మనకు చేరింది. కూలి వేరు, దానం వేరు.

మరొక మాట. మనం ఇచ్చిన మాంసం పేదవాని ఇంట ఏమవుతున్నది? పండుగనాడు పది ఇళ్ల నుండి వచ్చిన పొట్లాలు ఒకే గుడిసెకు చేరతాయి. ఆ ఇంట ఫ్రిజ్ లేదు. రెండు పూటలు తిన్న తరువాత మిగిలినది చెడిపోతుంది. మూడవ వారం వారి పొయ్యిపై మళ్లీ మాంసం వాసన ఉండదు. నిల్వ చేసుకునే సౌకర్యం కలిగినవారికే ఉండడం వల్ల, ఒకే పండుగ ఒకరికి మూడు నెలల విందు, మరొకరికి ఒక రోజు విందు అవుతున్నది. ఉప్పుకండ ఈ అసమానతకు మన అవ్వలు ఇచ్చిన జవాబు. దానికి కరెంటు అక్కరలేదు; ఉప్పు, ఎండ చాలు.

కాబట్టి మేము ప్రతి మహల్లా సోదరీమణులకు ఒక సూచన చేస్తున్నాము. పంపకం రోజున పేదింటి అక్కచెల్లెళ్లను అడగండి: పచ్చిమాంసం ఎంత కావాలి, ఎండబెట్టినది ఎంత కావాలి? వారు కోరితే, వారి వాటాను వారితో కలిసే ఒక మిద్దెపై ఎండబెట్టి, జాడీలో పెట్టి వారి చేతికివ్వండి. ఆ వాటా వారిదే. అది మన ఇంట్లో ఆగరాదు, దానిలో మన ఇష్టం చెల్లరాదు. ఉప్పు, కారం ఖర్చు మనం భరిస్తే అది మరో సదఖా అవుతుంది.

మదీనాకు ఆనాడు కరువు గుంపుగా నడచివచ్చింది. మన సీమలో కరువు గుంపుగా వెళ్లిపోతుంది. వానలు తప్పిన ఏడు కదిరి వైపు పల్లెల నుండి, ఇతర మెట్ట గ్రామాల నుండి మనుషులు బెంగళూరుకు, కేరళకు కూలికి తరలిపోతారు. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు, చిన్నపిల్లలు మిగులుతారు. వారు మన గుమ్మం దాకా వచ్చి అడగరు. ‘హజ్’ సూరా చెప్పిన చేయిచాచని నిరుపేదలు వీరే. వారిని వెదుక్కుంటూ మనమే వెళ్లాలి. వలసవెళ్లే బిడ్డ సంచిలో పెట్టడానికి ఉప్పుకండ కంటే తగిన పొట్లం లేదు. బస్సు ప్రయాణానికి చెడదు, నగరంలో ఇరుకు గదిలో ఒక చిన్న పొయ్యిపైనా వండుకోవచ్చు.

పొరుగువారు అంటే ముస్లిములే కానక్కరలేదు. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట గొర్రెను కోసినప్పుడు, యూదుడైన తమ పొరుగువానికి పంపారా లేదా అని ఆయన మళ్లీ మళ్లీ వాకబు చేశారు. మన పల్లెల్లో ఖుర్బానీ పొట్టేలును పెంచి అమ్మేది ఎక్కువగా కురుబ సోదరులే. ఏడాదంతా ఎండలో దానిని మేపినవారి ఇంటికి, వారు స్వీకరించేటట్లయితే, ఒక పొట్లం వెళ్లడం మర్యాద, సద్వర్తన.

యూసుఫ్ (అలై) ఈజిప్టు ప్రజలకు నేర్పిన కరువు ఉపాయం మనకు తెలిసినదే. పండిన ఏడు సంవత్సరాలూ, తినడానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం మినహా మిగిలినదాన్ని వెన్నులలోనే ఉంచమని ఆయన చెప్పారు. ఆ నిల్వ రాజు కోసం కాదు, రానున్న ఏడు కరువు సంవత్సరాల్లో ఆకలిగొనే అందరి కోసం. దూరదేశాల నుండి వచ్చిన ఆయన సోదరులూ ఆ గాదెల ధాన్యమే తీసుకువెళ్లారు. విశ్వాసి చేసే నిల్వకు ఇదే నమూనా.

ఈ ఏడు పండుగకు మన మిద్దెలపై కండలు ఎండుతున్నప్పుడు, ఆ తీగెపై ఎవరెవరి వాటాలు ఉన్నాయో ఒకసారి లెక్క చూసుకుందాం. వాన కురిసిన ఏడైతే కృతజ్ఞతతో దాచుకుందాం. వాన తప్పిన ఏడైతే మదీనా ప్రజల్లా మూడు రోజులకు ఉంచుకొని మిగిలినది పంచుదాం. మన ఖుర్బానీలను, మన పంపకాలను అల్లాహ్ స్వీకరించుగాక! మన సీమపై కారుణ్యవర్షం కురిపించుగాక! ఆమీన్.